కొనెచ్నీ అలా అనలేదు, అన్నదీ నిలబడదు

రెండు నాగరికతలు ఒకే నేల మీద కలిసి బతకలేవని పోలండ్ చరిత్రకారుడు ఫెలిక్స్ కొనెచ్నీ (1862–1949) ఎప్పుడో నిరూపించాడట. జాతి స్వభావం రక్తంలోనే ఉంటుందని తేల్చాడట. ప్రసిద్ధ బ్రిటిష్ చరిత్రకారుడు టాయిన్‌బీ అంతటివాడు కూడా దానికి ఒప్పుకున్నాడట. ఈ మూడు మాటల మెసేజ్ తెగ తిరుగుతోంది. చదివినవాళ్లు నిజమనుకుని మరో పదిమందికి పంపుతున్నారు కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

ముందు రక్తం సంగతి. కొనెచ్నీ దృష్టిలో నాగరికత అంటే మనుషులు తమ ఉమ్మడి జీవితాన్ని నడుపుకునే పద్ధతి. కుటుంబం, ఆస్తి, వారసత్వాల మీద చట్టం ఏం చెబుతోంది, రాజ్యం నీతికి కట్టుబడి ఉందా అన్నవే ఆయన చూసిన గుర్తులు. రక్తాన్ని, వంశాన్ని నాగరికతకు పునాదిగా ఆయన ఒప్పుకోలేదు. కాబట్టి పుట్టుకతో వచ్చే మారని స్వభావానికి ఆయన్ని సాక్షిగా నిలబెట్టడం అన్యాయం.

ఇక కలిసి బతకడం గురించి. ఒకే మనిషి రెండు పద్ధతుల్లో నాగరికుడు కాలేడని, నాగరికతలు కలిస్తే జబ్బే తప్ప కొత్త నాగరికత పుట్టదని ఆయన నిజంగానే అన్నాడు. అయితే అది నిరూపణ కాదు. ఆయన 1929 దాకా పాఠాలు చెప్పిన విల్నో నగరాన్నే (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) చూడండి. కాథలిక్కులు, ఆర్థడాక్స్ క్రైస్తవులు, యూదులు, ముస్లిం తాతార్లు తరతరాలుగా అక్కడ ఇరుగుపొరుగుగా బతికారు. మతం పేరుతో ఒకరి రక్తం ఒకరు చిందించబోమని పోలండ్-లిథువేనియా ఉమ్మడి రాజ్యపు ప్రభువర్గం 1573లో వార్సాలో ప్రమాణం చేసింది. 1679లో రాజు యాన్ సోబియెస్కీ తాతార్ సైనికులకు క్రుషినియానీ అనే ఊళ్లో భూములిచ్చాడు. అక్కడి చెక్క మసీదు ఇప్పటికీ ఉంది.

మరి ఆ రాజ్యం కూలిపోయింది కదా అంటారు. 1791 రాజ్యాంగంతో పోలండ్ తన పార్లమెంటును స్తంభింపజేస్తున్న వీటో పద్ధతిని తానే రద్దు చేసుకుంది. మరుసటి ఏడే రష్యా సైన్యం దిగింది. 1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దేశాన్ని పూర్తిగా పంచుకున్నాయి. ఇందులో కలయిక తెచ్చిన జబ్బు ఎక్కడుంది? మంచి జరిగితే లాటిన్ నాగరికత (పశ్చిమ యూరప్ కాథలిక్ సంప్రదాయానికి ఆయన పెట్టిన పేరు) గొప్పతనం, చెడు జరిగితే తూర్పు కలయిక ఫలితం అనే సిద్ధాంతాన్ని ఏ సాక్ష్యమూ కదిలించలేదు. నా అసలు అభ్యంతరం అదే.

దాని పర్యవసానం చిన్నది కాదు. నాజీల ఆక్రమణ కాలంలో, యూదుల్ని లక్షలుగా చంపుతున్న రోజుల్లో, ఆయన హిట్లరిజాన్నే యూదు నాగరికత ప్రభావంగా వివరించాడు. హత్యకు గురవుతున్నవాళ్లకే హంతకుల భావజాలాన్ని అంటగట్టిన సిద్ధాంతాన్ని పాఠంగా పంచుకోవడం నాకు భయం కలిగిస్తుంది.

టాయిన్‌బీ చేసింది 1962లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదానికి ముందుమాట రాయడం. ముందుమాట రాసినంత మాత్రాన సిద్ధాంతం రుజువైపోదు.

భారతదేశాన్ని కొనెచ్నీ బ్రాహ్మణ నాగరికత అనే గడిలో పెట్టాడు, అరబ్బు నాగరికతకు వేరే గడి గీశాడు. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తెలుగు కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ అంకితం ఏ గడిలోకి వస్తుందో ఈ మెసేజ్ పంపేవాళ్లు చెప్పాలి.