రెండు ఊళ్ల జర్మనీ: మంగళవారం ఎక్కడ, ఆదివారం ఎక్కడ?

ఉద్యోగం మ్యూనిక్‌లో, కాపురం బెర్లిన్‌లో. జర్మనీలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఇలాంటి ఏర్పాటు ఇప్పుడు వింతేమీ కాదు. భార్యాభర్తలిద్దరికీ ఒకే ఊళ్లో సరైన ఉద్యోగం దొరకదు. దొరికినా, పిల్లలతో సర్దుకునేంత ఇల్లు మ్యూనిక్ అద్దెల్లో అందదు. 2017 డిసెంబరులో హైస్పీడ్ లైను పూర్తయ్యాక ఐసీఈ స్ప్రింటర్ అనే వేగపు రైలు నాలుగు గంటల్లోపే బెర్లిన్ చేరుస్తోంది. దాంతో వారానికోసారి వెళ్లొస్తే చాలనుకుంటారు. రైలు లెక్క సరిగ్గానే ఉంటుంది, తప్పేది వారం లెక్క.

జర్మనీలో మనుషులు కలిసేది సంఘాల్లో. వాళ్లు 'ఫెరైన్' అంటారు. పాటకైనా ఆటకైనా కూరగాయల మడులకైనా ఓ ఫెరైన్ ఉంటుంది. ఏడుగురు సభ్యులుంటే చాలు, కోర్టు రిజిస్టరులో నమోదు చేయించుకోవచ్చు. బృందగానం సాధనైనా, బ్యాడ్మింటనైనా, నగరపాలక విద్యాకేంద్రం ఫోక్స్‌హోక్‌షూలెలో భాషా తరగతి అయినా ఎక్కువగా వారం మధ్య సాయంత్రాల్లోనే ఉంటాయి. వాటికి కావలసింది ప్రతివారం తప్పకుండా రావడం. నాలుగు మంగళవారాలు వరసగా వచ్చినవాణ్ణి ఐదోసారి పేరు పెట్టి పలకరిస్తారు, అప్పుడప్పుడూ వచ్చేవాడు రెండేళ్లయినా కొత్తవాడే.

ఉద్యోగపు ఊరిని లాడ్జిలా వాడుకునేవాళ్లు పోగొట్టుకునేది ఇదే. సోమవారం నుంచి గురువారం దాకా ఆఫీసు, గది, ఫోన్లో పిల్లలు. శుక్రవారం సాయంత్రం కిక్కిరిసిన రైలు, ఆదివారం సాయంత్రం మళ్లీ అదే రైలు. చివరికి రెండు ఊళ్లలోనూ చుట్టమే. అందుకే మంగళవారాన్ని ఉద్యోగపు ఊరికీ, ఆదివారాన్ని కుటుంబపు ఊరికీ రాసిచ్చేయాలని మా గట్టి అభిప్రాయం. జీతం గురించి మాట్లాడేటప్పుడే శుక్ర, సోమవారాల్లో ఒక రోజు ఇంటినుంచి పని అడిగి, ఒప్పందంలో రాయించుకోవాలి. శుక్రవారం దొరికితే గురువారం రాత్రే బయల్దేరవచ్చు, టికెట్టు చవక. సోమవారం దొరికితే ఆదివారం పూర్తిగా మిగులుతుంది. చవక టికెట్టు ఒక్క రైలుకే చెల్లుతుందని భయపడక్కర్లేదు. గమ్యానికి 20 నిమిషాలో అంతకంటే ఎక్కువో ఆలస్యమయ్యేలా ఉంటే ఆ షరతు పోతుంది, వేరే రైలెక్కవచ్చు. గంట ఆలస్యమైతే ఛార్జీలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం అడిగి తీసుకోవాలి. డాయిచ్‌లాండ్‌టికెట్ అనే నెలవారీ పాసు ఐసీఈలో చెల్లదు. అయినా ఒకే టికెట్టుతో రెండు నగరాల మెట్రోలూ బస్సులూ తిరగవచ్చు కాబట్టి ఇలాంటి ఇళ్లకి బాగా ఉపయోగం. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలైంది.

కాగితాల దగ్గర జరిగే పొరపాట్లు ఖరీదైనవి. ఇల్లు మారిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి, ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం చూపాలి. కొందరు యజమానులు తాత్కాలికపు గదులకు ఈ పత్రం ఇవ్వమంటారు. ఆ గది ఎంత చవకైనా వద్దు. పెళ్లయినవాళ్లకు కుటుంబం ఎక్కువగా ఉండే ఇల్లే చట్టప్రకారం ప్రధాన నివాసం, ఉద్యోగపు గది రెండో నివాసం. తొందరలో తారుమారుగా రాయించుకుంటే చిక్కు. చాలా నగరాలు రెండో ఇంటిమీద అద్దెలో ఇంత శాతమని పన్ను వేస్తాయి. అయితే పెళ్లయినవాళ్లు ఉద్యోగం కోసం పెట్టుకున్న గదిమీద ఆ పన్ను చెల్లదని 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఈ మినహాయింపు దక్కాలంటే నమోదు సరిగ్గా ఉండాలి, నగరం పంపిన ఫారం నింపి తిప్పి పంపాలి. ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము (రేడియో, టీవీల కోసం) కూడా రెండో ఇంటికి దరఖాస్తు పెడితేనే పోతుంది. మూడు నెలల్లోపు పెడితే మొదటినుంచీ పోతుంది. రెండో గది అద్దెను నెలకు 1,000 యూరోల దాకా ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు.

ఈ ఉత్తరాలన్నీ మన చేతికి రావడం ఇంకో కథ. జర్మన్ చిరునామాలో సాధారణంగా ఫ్లాటు నంబరు ఉండదు. పోస్ట్‌మ్యాన్ చూసేది డబ్బా మీది పేరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఇంకోచోట పడిన మనవాళ్లకు కవరు మీద ఒక పేరు, డబ్బా మీద ఇంకో పేరు అవుతుంది. ఉత్తరం వెనక్కి పోతుంది, గడువు దాటుతుంది. రెండు పేర్లూ చీటీ మీద రాసి, రెండిళ్ల డబ్బాలకూ అతికించాలి.

ఇక పండగలు, సెలవులు. మ్యూనిక్‌లో ఏటా 13 ప్రభుత్వ సెలవులు, బెర్లిన్‌లో 10. మార్చి 8 మహిళా దినోత్సవం బెర్లిన్‌లో 2019 నుంచి సెలవు, మ్యూనిక్‌లో పనిదినం. సెలవు పనిచేసే చోటును బట్టి వస్తుంది, బడి సెలవులు పిల్లలుండే రాష్ట్రాన్ని బట్టి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో వేసవి సెలవులు ఆగస్టు ఆరంభంలో మొదలై సెప్టెంబరు సగం దాకా ఉంటాయి కాబట్టి అక్కడ చదివే పిల్లలకు చాలా ఏళ్లు తాతగారి ఊళ్లో వినాయక చవితి దొరుకుతుంది. బెర్లిన్ పిల్లలు అప్పటికి చాలాసార్లు బడిలో ఉంటారు. కుటుంబం ఏ ఊళ్లో ఉండాలో తేల్చుకునేటప్పుడు ఈ సంగతీ చూసుకోవడం మంచిది.

భాషా మారుతుంది. మ్యూనిక్ బేకరీలో చిన్న రొట్టెను 'జెమ్మెల్' అంటారు, బెర్లిన్‌లో 'ష్రిప్పె'. 'ప్‌ఫాన్‌కూహెన్' అని అడిగితే బెర్లిన్‌లో జామ్ నింపిన తీపి బన్ను చేతికిస్తారు, మ్యూనిక్‌లో ఆ మాటకి అర్థం పెనం మీద పోసిన అట్టు. బెర్లిన్‌లో సూపర్‌మార్కెట్లు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచవచ్చు, బవేరియాలో మామూలుగా ఎనిమిదికి మూసేయాలి. ఆఫీసులో ఏడున్నర దాటితే పాలు, పెరుగు దొరకవు. స్టేషన్ దుకాణమే దిక్కు.

నెలకోసారి ప్రయాణం తిరగెయ్యమని గట్టిగా చెబుతాం. భార్యాపిల్లలే మ్యూనిక్ రావాలి. నాన్న మంగళవారాలు ఎక్కడ గడుస్తాయో, నాన్నని పేరు పెట్టి పిలిచేవాళ్లెవరో పిల్లలు చూడాలి. ఆదివారం ఆల్టె పినకోథెక్ వంటి ప్రభుత్వ మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శనకు టికెట్టు ఒక్క యూరోనే. తర్వాత బీర్‌గార్టెన్, అంటే బీరు తోట. పేరుచూసి జంకనక్కర్లేదు, నిమ్మరసాలూ పళ్లరసాలూ ఉంటాయి. 1812లో బవేరియా రాజు బీరు తయారీదారులకు తోటల్లో బీరు అమ్ముకోనిచ్చి, భోజనం పెట్టొద్దన్నాడు. అప్పటినుంచి జనం తిండి ఇంటినుంచే తెచ్చుకుంటారు, ఈనాటికీ అది హక్కే. పానీయం మాత్రం అక్కడే కొనాలి. గుడ్డ పరిచిన బల్లలు వడ్డించే భాగంవి, ఇంటి తిండితో అక్కడ కూర్చోకూడదు. వట్టి చెక్కబల్ల చూసుకుని పులిహోర డబ్బా మూత తీస్తే పక్కబల్లవాళ్లు ఇదేమిటని అడుగుతారు. నాన్న ఫెరైన్ మిత్రుల్ని కూడా ఆ పూటే పిలవవచ్చు.