వాచీ కొనేముందు దాన్ని బాగుచేసేవాణ్ణి చూసుకోండి

స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్ దేశాల కూటమితో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి వాచీల మోజున్న వాళ్ల మధ్య నలుగుతున్న ప్రశ్న ఒకటే. ఇప్పుడే కొనాలా, డ్యూటీ తగ్గేదాకా ఆగాలా? నా ఉద్దేశంలో ఇది అసలు ప్రశ్న కాదు. అయినా అందరూ అడుగుతున్నారు కాబట్టి ముందు ఆ లెక్కే చూద్దాం.

చేతి గడియారాల మీద కస్టమ్స్ సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 10 నుంచి 20 శాతానికి పెంచారు. ఆ సుంకం మీద మళ్లీ పది శాతం సర్‌చార్జి. ఒప్పందానికి ముందు అంతా కలిపి 22 శాతం. దిగుమతి విలువ లక్ష రూపాయలున్న వాచీకి 22 వేలు సుంకం, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 1,43,960 తేలుతుంది. సుంకం పూర్తిగా ఎత్తేస్తే 1,18,000. తేడా 18 శాతం. చిన్నదేమీ కాదు. కానీ అది ఒక్కసారిగా పోదు, ఏడేళ్లలో విడతలుగా పోతుంది. ఏడాదికి సగటున రెండున్నర శాతం అనుకోండి. పేరున్న స్విస్ కంపెనీలు ఏటా పెంచే ధరలే చాలాసార్లు అంతకు మించి ఉంటున్నాయి. పైగా పదేళ్ల కిందట 70 రూపాయల లోపున్న స్విస్ ఫ్రాంకు 2025లో వంద దాటింది. ప్రభుత్వం ఒక చేత్తో ఇస్తున్నదాన్ని మారకం రేటు రెండో చేత్తో లాక్కుంటోంది. డ్యూటీ కోసం ఆగితే కలిసొచ్చేది పెద్దగా ఉండదు.

డాలస్‌లో ఉన్న బావమరిది చేత తెప్పించుకుంటే చవక అనేది మన ఇళ్లలో ఇంకో నమ్మకం. అమెరికా 2025 ఆగస్టులో స్విస్ సరుకు మీద 39 శాతం సుంకం వేసింది, నవంబరులో దాన్ని 15కి దించడానికి ఒప్పుకుంది. అక్కడా ధరలు పెరిగాయి. దుబాయ్ సంగతి వేరే అనొచ్చు. కానీ శంషాబాద్‌లో దిగాక అనుమతించిన పరిమితి దాటిన వస్తువును చెప్పి, డ్యూటీ కట్టాలి. పెట్టె, కాగితాలు అక్కడే వదిలేసి చేతికి పెట్టుకుని దర్జాగా నడిచొచ్చేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. డ్యూటీ కట్టాల్సిందేమీ లేదనేవాళ్లు నడిచే గ్రీన్ చానల్లో పట్టుబడితే వాచీ జప్తు, ఆపైన పెనాల్టీ. సలహా ఇచ్చినాయన అప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇక అసలు విషయం. మెకానికల్ వాచీ నగ కాదు, యంత్రం. షోరూములో దాన్ని నగలాగే అమ్ముతారు. మెత్తటి వెలుతురు, వెల్వెట్ ట్రే, చేతికి తెల్ల గ్లౌజులు. బంగారు గొలుసును బీరువాలో ముప్ఫై ఏళ్లు ఉంచినా దానికేమీ కాదు. వాచీ అలా కాదు. లోపల చుట్టలు చుట్టిన ఒక స్ప్రింగు, దాని బలాన్ని అందుకుని తిరిగే పళ్ల చక్రాల వరస, ఆ బలాన్ని కొద్దికొద్దిగా మాత్రమే వదిలే ఎస్కేప్‌మెంట్, అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం ఉంటాయి. ఇప్పటి వాచీల్లో ఎక్కువ భాగం గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి. రోజుకు దాదాపు ఏడు లక్షలు, ఏడాదికి పాతిక కోట్ల పైచిలుకు. ఆ ఇరుసులు రాపిడికి అరిగిపోకుండా కెంపుల్లో కూర్చోబెడతారు. పాత హెచ్‌ఎంటీల మీద 17 జువెల్స్ అని గొప్పగా రాసి ఉండేది ఇవే. అవి నిజం కెంపులనీ, అమ్ముకుంటే డబ్బులొస్తాయనీ అనుకున్నవాళ్లున్నారు. అవి ఫ్యాక్టరీలో తయారయ్యే కృత్రిమ కెంపులు, అమ్మితే ఏమీ రాదు.

ఈ కెంపులకూ ఇరుసులకూ మధ్య ఉండే నూనె బొట్టు సూదిమొన మీద పట్టేంత. అది కొన్నేళ్లకు చిక్కబడుతుంది, ఎండిపోతుంది, లేదా పక్కకు పాకుతుంది. తర్వాత ఇరుసు నేరుగా కెంపు మీద రాసుకోవడం మొదలవుతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు, ఎందుకంటే వాచీ ఆగదు. నడుస్తూనే అరుగుతుంది. అందుకే ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, రోలెక్స్ దాదాపు పదేళ్లకోసారి సర్వీసు చేయించమంటాయి. సర్వీసంటే పైపైన తుడవడం కాదు. ప్రతి భాగాన్నీ విడదీసి, కడిగి, అరిగినవి మార్చి, ఒక్కో చోట ఒక్కో రకం నూనె వేసి, తిరిగి బిగించి, నడిచే వేగాన్ని (రేటు) సరిచేసి, రబ్బరు సీళ్లు మార్చి నీటి పరీక్ష చేయడం. లగ్జరీ బ్రాండుకు ఈ బిల్లు పదుల వేలల్లో ఉంటుంది. స్టాప్‌వాచీ కూడా ఉండే క్రోనోగ్రాఫ్ అయితే ఇంకా ఎక్కువ. మన షోరూముల్లో సర్వీసుకిచ్చిన వాచీ ముంబైకో ఢిల్లీకో వెళ్తుంది, కొన్ని మోడళ్లు స్విట్జర్లాండ్ దాకా వెళ్లి నెలల తర్వాత తిరిగొస్తాయి. అల్లుడికి నిశ్చితార్థంలో ఐదు లక్షల వాచీ పెట్టే మావగారికి ఈ ఖర్చు సంగతి ఎవరూ చెప్పరు. ఏడేళ్లకు ఆ బిల్లు కట్టేది అల్లుడే.

మరి మన వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్లకూడదా? వెళ్లొచ్చు, ఆయనకు పార్టులు దొరికితే. పెద్ద బ్రాండ్లు చాలావరకు తమ అధీకృత కేంద్రాలకు తప్ప బయటివాళ్లకు విడిభాగాలు ఇవ్వవు. యూరప్‌లో స్వతంత్ర మెకానిక్‌లు దీని మీద ఏళ్ల తరబడి పోట్లాడారు, పెద్దగా ఫలితం లేదు. లక్షలు పోసి కొన్న వస్తువుకు ఒక చిన్న చక్రం కావాలంటే మళ్లీ వాళ్ల గుమ్మమే ఎక్కాలి. ఏనుగునిచ్చి అంకుశం దాచుకోవడమంటే ఇదే. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన రిపేరు హక్కు ప్రయత్నంలో వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు ఉన్నాయి. వాచీలు లేవు. ధనవంతుల వస్తువు కదా, ఎవరికి పట్టింది అనుకుని ఉండొచ్చు. కానీ పార్టులు బయటికిస్తే బతికేది ధనవంతుడు కాదు, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునే మెకానిక్.

ఆ మెకానిక్‌లు తగ్గిపోవడానికి ఇంకో కారణం మన చరిత్రలోనే ఉంది. 1961లో జపాన్ కంపెనీ సిటిజెన్ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాయి. జనతా, పైలట్, కోహినూర్ లాంటివన్నీ కీ ఇచ్చే వాచీలే. హైదరాబాద్‌లో ఆల్విన్ సీకోతో కలిసి వాచీలు చేసింది. ఒక తరం మెకానిక్‌లు వీటిమీదే చెయ్యి తిప్పుకున్నారు. 1969 డిసెంబరు 25న సీకో బయటపెట్టిన, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ ప్రపంచాన్ని తిప్పేసింది. మనకు ఆ దెబ్బ 1980లలో టైటన్‌తో తగిలింది. టైటన్‌ను తప్పుపట్టడానికి లేదు, జనానికి సరైన టైము చూపే అందమైన వాచీ ఇచ్చింది. కానీ బ్యాటరీ మార్చడానికి పనితనం అక్కర్లేదు. బాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగు వంపు తీయగల మనిషి మెల్లగా సెల్లులు, బెల్టులు అమ్ముకునే మనిషయ్యాడు. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించేనాటికి ఆ తరం పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. ఇప్పుడు స్విస్ వాచీలు కొనే చేతులు పెరుగుతున్నాయి, విప్పి కట్టే చేతులు తరుగుతున్నాయి. 2024లో స్విట్జర్లాండ్ మొత్తం వాచీల ఎగుమతి దాదాపు 2,600 కోట్ల ఫ్రాంకులైతే అందులో మన వాటా 27 కోట్ల చిల్లర. ఒక్క శాతం. ఆ కంపెనీలు మన ఊళ్లలో సర్వీసు కేంద్రాలు పెట్టడానికి తొందరపడకపోవడంలో వింతేముంది?

అందుకే మొదటిసారి కొనేవాళ్లు డయల్ కంటే ముందు లోపలి మెషీన్ ఏదో అడగాలంటాను. ఈటీఏ 2824, దాని పేటెంట్ గడువు తీరాక అదే పోలికలో వచ్చిన సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200, సీకో వర్గంలో ఎన్‌హెచ్35 లాంటివి ప్రపంచమంతా తెలిసిన మెషీన్లు. పార్టులు దొరుకుతాయి, చేతనైన మెకానిక్ ఎవరైనా విప్పగలడు. వీటితో గొప్పలు చెప్పుకోలేరు, అంతే. అదే టిసో లాంటి వాటిలో వచ్చే పవర్‌మాటిక్ 80ది కూడా 2824 వంశమే. స్ప్రింగు పూర్తిగా చుట్టుకుంటే 80 గంటలు నడుస్తుంది. కానీ వాటిలో కొన్నింటికి వేగం సరిచేసే ముల్లే ఉండదు, ఫ్యాక్టరీలో లేజర్‌తో సరిచేసి పంపేస్తారు. వాచీ చెడ్డదని కాదు, స్థానిక మెకానిక్‌కు అందులో చేయగలిగింది తక్కువని. సొంత మెషీన్ అని కంపెనీ గర్వంగా చెప్పినప్పుడు మీ చెవికి ఇంకో అర్థం కూడా వినిపించాలి.

ఇంతా చేసి టైము ఎంత సరిగ్గా చూపుతుంది? స్విస్ క్రోనోమీటర్ పరీక్షలో నెగ్గిన మెషీన్ రోజుకు 4 సెకన్లు వెనకబడొచ్చు, 6 సెకన్లు ముందుకెళ్లొచ్చు. వెయ్యి రూపాయల క్వార్ట్జ్ వాచీకి నెల రోజుల్లో వచ్చే తేడా కూడా దాదాపు సెకన్లలోనే. టైము కోసమే అయితే మెకానికల్ వాచీ కొనక్కర్లేదు. అది సరదా. సరదాకు డబ్బు పెట్టడం తప్పేమీ కాదు, దానికి పెట్టుబడి అని పేరు పెట్టుకోవడమే చిక్కు. 2022 మొదట్లో పాటెక్ ఫిలిప్ స్టీల్ నాటిలస్ 5711 ధర సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో లక్షన్నర డాలర్లు దాటింది. షోరూము ధర 35 వేల డాలర్ల దగ్గర. అది చూసి ఎగబడ్డవాళ్లు తర్వాతి ఏడాదిలో లక్ష డాలర్ల దరిదాపులకు పడిపోవడమూ చూశారు. కొన్ని బ్రాండ్లలో కొన్ని మోడళ్లకే అలాంటి ధర పలుకుతుంది. మిగతావన్నీ షోరూము మెట్లు దిగేలోపే విలువ కోల్పోతాయి. ఈ చివరి వాక్యాన్ని సేల్స్‌మన్ నోట వినలేరు.

ఆ తరుగుదలే సెకండ్ హ్యాండ్ కొనేవాడికి లాభం. అయితే నకిలీలు ఇప్పుడు బరువులో, మెరుపులో అసలు పక్కన నిలబడుతున్నాయి. వెనకమూత తీయించి మెషీన్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. వారంటీ కార్డు మీది సీరియల్ నంబరు వాచీ మీది దానితో కలవాలి. ఇక ఆన్‌లైన్‌లో కొత్తగా మెరిసే పాత హెచ్‌ఎంటీలు, సీకో 5లు కనిపిస్తాయి. డయల్‌కు కొత్త రంగు వేసి, మూడు నాలుగు వాచీల పార్టులు కలిపి నడిపిస్తున్నవి వాటిలో ఎక్కువ. 1970ల నాటి వాచీకి ఎర్రటి నిగనిగలాడే డయల్ ఉందంటే అది ఈమధ్య రంగు వేసిందే అనుకోవచ్చు. పది లక్షలు దాటిన వాచీకి 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మకందారు ఒక శాతం టీసీఎస్ (అమ్మేచోటే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేయాలి. ఇది అదనపు పన్ను కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. నగదు ఇస్తే బిల్లు లేకుండా తగ్గించి ఇస్తాననేవాడి దగ్గర మీకు తగ్గేది వారంటీ కూడా.

వాడకం విషయానికొస్తే మన వాతావరణానికి కొన్ని ప్రత్యేకతలున్నాయి. విశాఖలో తేమ, విజయవాడలో మే నెల చెమట. తోలు బెల్టు వేసవిలో నెలల్లోనే వాసన కొడుతుంది, స్టీలు గొలుసు గానీ రబ్బరు గానీ మేలు. డయల్ మీద 30 మీటర్లు అని రాసి ఉంటే ఈత కొట్టొచ్చని కాదు, చేతులు కడుక్కునేటప్పుడు నాలుగు చుక్కలు పడినా ఫరవాలేదని. స్నానంలో వేడినీళ్లు, సబ్బు రబ్బరు సీళ్లను పాడుచేస్తాయి. తేదీని రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య మార్చవద్దు. ఆ వేళలో తేదీ తిప్పే పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. చేతితో కీ ఇచ్చే వాచీలో బిగువు తగలగానే ఆపేయాలి.

ఈమధ్య ఎక్కువగా వచ్చే జబ్బు అయస్కాంతం. ఫోను స్పీకరు, ట్యాబ్లెట్ కవరు, హ్యాండ్‌బ్యాగు మూత. వాటి పక్కన పెట్టిన వాచీ హఠాత్తుగా రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడుతుంది. హెయిర్‌స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అతుక్కోవడమే కారణం. డీమాగ్నెటైజర్ మీద పెడితే క్షణాల్లో పోతుంది. సర్వీసు అవసరమని వేలు అడిగితే ముందు ఈ పరీక్ష చేయమనండి. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్లు 15,000 గాస్ (అయస్కాంత బలం కొలత) దాకా తట్టుకుంటాయి కాబట్టి వాటికి ఈ బెంగ లేదు.

మెకానిక్‌ను ఎలా ఎంచుకోవాలన్నది చివరి చిక్కు. ఇంట్లో నాన్నగారిదో తాతగారిదో హెచ్‌ఎంటీ ఒకటి బీరువాలో పడి ఉంటే దానికి కీ ఇచ్చి చూడకండి, నూనె ఎండిన చోట ఇరుసులు కోసుకుపోతాయి. డయల్‌కు రంగు వేయొద్దని, కేసుకు పాలిష్ కొట్టొద్దని చెప్పి ఆ వాచీని ముందు మీరు చూసిపెట్టుకున్న మెకానిక్‌కు ఇవ్వండి. వెనకమూత గీతలు పడకుండా తీశాడా, మార్చిన పాత పార్టులు తిరిగి చేతికిచ్చాడా, వాచీ వేగాన్ని కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి రేటు చూపించాడా గమనించండి. జనతా లాంటి వాటికి పార్టులు పాడైన వాచీల నుంచి ఇప్పటికీ దొరుకుతున్నాయి, బిల్లు లగ్జరీ సర్వీసులో చిన్న భాగం కూడా కాదు. ఆ పని శుభ్రంగా చేసినవాడి దగ్గర, మీరు కొనబోయే వాచీ మెషీన్ పేరు చెప్పి పార్టులు దొరుకుతాయో లేదో అడగండి. షోరూముకు ఆ తర్వాత వెళ్లొచ్చు.