గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ గారికి,

ఉభయకుశలోపరి. మొన్న స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో మీ ఎర్ర రైలు బోగీ ఎక్కి సెయింట్ మోరిట్జ్‌లో దిగిన దంపతుల్లో మగమనిషిని నేను. గుర్తులేకపోతే, పులిహోర డబ్బా వాళ్ళమంటే గుర్తొస్తుందేమో.

ముందు తమ పేరు సంగతి. 291 కిలోమీటర్లకు ఎనిమిది గంటలు తీసుకుంటూ ఎక్స్‌ప్రెస్ అనిపించుకోవాలంటే గుండె ధైర్యం కావాలి. పైగా ప్రపంచంలోకెల్లా నెమ్మదైన ఎక్స్‌ప్రెస్ అని గొప్పగా చాటింపు! మా వైపు బండి ఆలస్యమైతే స్టేషన్ మాస్టరు మీదకి వెళ్తాం. మీ దగ్గర ఆ ఆలస్యానికే ఎగబడి రిజర్వేషన్ చేయించుకుంటున్నాం. పాస్ ఉన్నా సీటుకి విడిగా కట్టాలి. (ఎంత కట్టానో మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.)

సరే, ఎక్స్‌ప్రెస్ వదిలేద్దాం. గ్లేసియర్, అదే ఆ హిమానీనదం, ఏదండీ?

ఓబర్‌వాల్డ్ స్టేషన్ దాటగానే కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాను. చీకటి. ఫుర్కా సొరంగమట, పదిహేను కిలోమీటర్ల పైమాటే. అరకు బండిలో సొరంగం వస్తే పిల్లా పెద్దా కేకలూ ఈలలూ. ఇక్కడ అందరూ మర్యాదగా వైన్ చప్పరిస్తున్నారు. అద్దంలో నా బట్టతల తప్ప ఇంకేమీ లేదు.

1930 జూన్ 25న మీరు మొదటిసారి బయల్దేరిన రోజుల్లో ఫుర్కా కనుమ మీదుగా, రోన్ హిమానీనదం కళ్ళెదుట ఉండగా వెళ్ళేవారు. చలికాలం వస్తే ఆ దారి మూత. మంచుచరియలు ఊడ్చుకుపోతాయని ష్టెఫెన్‌బాఖ్ వంతెనని ఏటా మడతమంచంలా మడిచి పెట్టేవారు. 1982లో సొరంగం తెరిచాక చలికాలంలోనూ తిరుగుతున్నారు, సంతోషం. కానీ హిమానీనదాన్ని వదిలేసి దాని పేరు మాత్రం అట్టిపెట్టుకున్నారు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత ఆల్ప్స్ దాకా పాకిందనుకోలేదు.

ఓబరాల్ప్ కనుమ దగ్గర మాత్రం మాట్లాడలేకపోయాను. పట్టాల నడుమ ఉన్న పళ్ళ కడ్డీని ఇంజను చక్రం అందుకున్నప్పుడు అరికాళ్ళ కింద చిన్న కుదుపు, తర్వాత గరగరమంటూ ఎక్కుడు. 2,033 మీటర్ల ఎత్తుకి అలా పాక్కుంటూ చేరారు. అక్కడ తమ నెమ్మదిని క్షమించేశాను.

ఇక లాండ్‌వాసర్ వంతెన. 1902 నాటిది, 65 మీటర్ల ఎత్తు, ఆరు కమాన్లు, వంపు తిరిగి నేరుగా కొండలోని సొరంగంలోకి దూరుతుంది. దానికోసమే ఇంత దూరం వచ్చాను. ఫోన్లో ముందు కెమెరా నుంచి వెనక కెమెరాకి మార్చేసరికి బండి వంతెన మీదుంది. నా వీడియో పన్నెండు సెకన్లు: మొదట నా బొటనవేలు, తర్వాత కిటికీ అద్దంలో పులిహోర డబ్బా నీడ, చివర చీకటి. ఇది మీ తప్పు కాదు, ఒప్పుకుంటున్నాను.

"ఆరు కమాన్లూ లెక్కపెట్టాను, మీరేం తీశారు?" అంది మా ఆవిడ, చేతిలో పప్పుచెక్క విరుస్తూ.

ఇంటికొచ్చాక ఆ రోన్ హిమానీనదం ఫొటోలు చూశాను. కరిగి కరిగి కొండపైకి జరిగిపోయింది. మిగిలిన మంచు కరక్కుండా ఎండాకాలంలో కొంతమేర తెల్ల దుప్పట్లు కప్పుతూ వచ్చారు. మీరు సొరంగంలో, అది ముసుగులో.

మీ పాత దారిలో వేసవికి ఆవిరి బండి నడుస్తోందట. దానికి వెళ్దామంటోంది మా ఆవిడ. నా ఫోను తన సంచిలో ఉంటుందని షరతు.

ఇట్లు,
కిటికీ పక్క సీటు