కొత్త గిటారుకు పాత దెబ్బలు

పెట్టె తెరవగానే గిటారు మీద రంగు పెచ్చులు లేచి ఉంటుంది. కుడి మోచెయ్యి ఆనే చోట కట్టె బయటపడి ఉంటుంది. మరలకు తుప్పు, తెల్ల ప్లాస్టిక్కుకు పసుపు, వెనకవైపు బెల్టు బకిల్ గీరిన గుర్తులు. బిల్లు మీద మాత్రం మొన్నటి తారీఖే ఉంటుంది. ఇది డ్యామేజీ సరుకు కాదు. కోరి, నాలుగు వేల డాలర్లకు పైన పోసి తెప్పించుకున్నది. కొత్తదాన్నే పాతదానిలా గీకి అమ్మే దీన్ని రెలిక్ గిటారు అంటారు. ఇక్కడ విదేశంలో మన వరంగల్‌వాళ్ల సంఘంలో నలభై దాటిన మగవాళ్లకు ఈ పిచ్చి మెల్లగా అంటుకుంటోంది కాబట్టి నాకు తోచింది నాలుగు ముక్కలు రాస్తున్నాను.

హనుమకొండలో ఉండే మా మేనమామకు మిత్రుడి రెలిక్‌ను వీడియో కాల్‌లో చూపించాను. "గిదేందిరా, సెకండ్ హ్యాండ్‌దా? గిన్ని పైసలు వెట్టి గీకవోయింది కొన్నడా?" అన్నాడు. కంపెనీవాళ్లే గీకి అమ్ముతరు మామా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎనుమాముల మార్కెట్ల హమాలోళ్లకు ఒక్క దినం ఇయ్యరాదురా, ఊకెనే జేసిస్తరు" అన్నాడు. టీవీకి గుడ్డ కప్పి, స్కూటర్ సీటుకు షోరూం ప్లాస్టిక్ చిరిగేదాకా ఉంచిన తరం ఆయనది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ మొత్తం న్యాయం లేదు.

ఈ వ్యాపారం ఎట్లా మొదలైందో తెలిస్తే వెటకారం సగం తగ్గుతుంది. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారును 1954లో తెచ్చింది. కాలం గడిచేకొద్దీ ఆ తొలినాటి గిటార్ల ధరలు పెరిగి, అవి వాయించేవాళ్ల చేతుల్లోంచి పాత వస్తువులు పోగుచేసే ధనికుల బీరువాల్లోకి పోయాయి. సొంతంగా ఉన్నవాళ్లు కూడా ఊరూరా తిప్పడానికి జంకారు. 1987లో ఫెండర్, కోరినట్టు గిటార్లు చేసిచ్చే కస్టమ్ షాప్ తెరిచింది. రోలింగ్ స్టోన్స్ రాక్ బ్యాండు గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌కు తన పాత గిటార్లకు నకళ్లు చేసిస్తే, మరీ కొత్తగా ఉన్నాయి, కాస్త కొట్టి తెండి అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతెట్లా ఉన్నా, 1995లో కాలిఫోర్నియాలో జరిగిన నామ్ అనే సంగీత వాద్యాల వ్యాపార ప్రదర్శనలో ఫెండర్ రెలిక్‌లను బయటపెట్టింది. వాటికి వయసు తెప్పించింది మిస్సోరీలో ఉండే విన్స్ కునెట్టో. 2009లో మెక్సికో ఫ్యాక్టరీ నుంచి రోడ్ వోర్న్ పేరుతో తక్కువ ధరవీ వచ్చాయి. ఇంకో గిటారు కంపెనీ గిబ్సన్ కూడా 2021లో, గిటార్లకు వయసు తెప్పించడంలో పేరున్న టామ్ మర్ఫీ పేరు మీద మర్ఫీ ల్యాబ్ మొదలుపెట్టింది. అక్కడ అల్ట్రా లైట్ నుంచి అల్ట్రా హెవీ దాకా దెబ్బలకు మెట్లున్నాయి. మెట్టు ఎక్కినకొద్దీ ధర కూడా ఎక్కుతుంది.

పని మాత్రం చిన్నది కాదు. పాత గిటార్లకు వేసేది నైట్రోసెల్యులోజ్ పూత. అది పలుచగా ఉంటుంది, ఏళ్లు గడిస్తే పసుపెక్కి పెళుసవుతుంది. చలికీ వేడికీ కట్టె ఒక తీరున, పూత ఇంకో తీరున సాగి కుంచించుకుపోతాయి కాబట్టి వేసవిలో చెరువు అడుగున పడ్డట్టు సన్నని నెర్రెలు పడతాయి. 1960ల చివర ఫెండర్ మందపాటి పాలియెస్టర్‌కు మారింది. అది అట్లా నెర్రెలివ్వదు, గట్టి దెబ్బ తగిలితే పెచ్చుగా ఊడుతుంది. రెలిక్ చేసేవాళ్లు నైట్రో వేసిన గిటారును చల్లబరిచి, వేడి తగిలించి ఆ నెర్రెలు తెప్పిస్తారు. అంచుల మీద తాళంచెవుల గుత్తితో కొడతారు. ఉప్పు కాగితంతో మోచెయ్యి ఆనే చోట రుద్దుతారు. మరలకు ఆసిడ్ ఆవిరి పట్టిస్తారు. ఇంట్లో చేసుకునేవాళ్లయితే ప్లాస్టిక్ ముక్కలను టీ డికాషన్‌లో నానబెడతారు. అన్నింటికన్నా కష్టం ఎక్కడ ఆపాలో తెలియడం. చేతకానివాడు చేస్తే గిటారుకు బొబ్బలు లేచినట్టుంటుంది.

ఇంత చేసిన తర్వాత చేతికి ఏమొస్తుంది? నా మటుకు నాకు అసలు సుఖమంతా నెక్, అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడుగాటి కట్టె, వెనక ఉంది. కొత్త గిటార్లు చాలావాటికి అక్కడ గాజులా మెరిసే పూత ఉంటుంది. చెయ్యి చెమట పట్టిందా, బొటనవేలి కింది భాగం దానికి అతుక్కుంటుంది, పైకీ కిందికీ జరపాలంటే పట్టి లాగినట్టుంటుంది. ఏళ్ల తరబడి వాయించిన నెక్‌కు ఆ పూత అరిగి, కట్టె నునుపు తేలుతుంది. వేళ్ల కింద ఉండే ఫ్రెట్‌బోర్డు అంచులు కోసుకోకుండా గుండ్రమవుతాయి. మంచి రెలిక్ ఈ రెండూ మొదటిరోజే ఇస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. దీనితో శబ్దం కూడా మారుతుందని, కట్టె ఊపిరి పీల్చుకుంటుందని చెప్పేవాళ్లను మాత్రం నేను నమ్మను. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లు, తీగలు, యాంప్లిఫయర్ చేసే తేడా ముందు రంగు మందం ఎంత?

రెండోది, మొదటి గీత భయం. మూడు వేల డాలర్లు పెట్టి మెరిసే గిటారు కొన్నవాడు దాన్ని స్టాండు మీద పెట్టి, పిల్లలు అటువైపు వస్తే కేకలేస్తాడు. బతుకమ్మ రోజు స్టేజీ వెనక జనంలో దాన్ని తేవడానికి మనసొప్పదు. రెలిక్ కొన్నవాడికి ఆ బాధ లేదు. కిందపడ్డా, తలుపుకు తగిలినా, మరో గీత.

మూడోది మన వయసువాళ్లకు సంబంధించింది. కాజీపేట రైల్వే కాలనీలోనో, ఫాతిమానగర్ చర్చిలోనో గిటారు చప్పుడు విన్నవాళ్లం. అప్పటి ఆర్‌ఈసీలో (ఇప్పటి వరంగల్ నిట్) స్ప్రింగ్ స్ప్రీ అనే కాలేజీ ఉత్సవం జరుగుతుంటే ఎలక్ట్రిక్ గిటారు ఎంత మోత మోగుతుందో గోడ అవతల నిలబడి విన్నవాళ్లం. అప్పుడు కొనే స్తోమత లేదు. తర్వాత చదువులు, వీసాలు, ఇళ్ల అప్పులు. చేతిలో డబ్బు ఆడేనాటికి వాయించాల్సిన ఇరవై ఏళ్లు అయిపోయాయి. రెలిక్ అమ్మేవాడు ఆ ఇరవై ఏళ్లనే గిటారు మీద గీకి ఇస్తున్నాడు. కొన్నవాణ్ని చూసి నవ్వబుద్ధి కాదు నాకు.

పైగా పాత కళ తెప్పించడం మనకు కొత్తేమీ కాదు. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో, జనగామ దగ్గర పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద సుత్తితో, చిన్న చిన్న ఉలులతో బొమ్మ లేపి, ఆపైన మందు పట్టించి మొత్తం నల్లబరుస్తారు. తర్వాత ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే ముక్కు మీద, కిరీటం అంచు మీద, మాత్రమే రుద్ది మెరిపిస్తారు. నలుపు గుంటల్లో మిగిలి బొమ్మకు లోతు వస్తుంది. అట్లాంటిది మనలో ఎందరి హాల్లో గోడకు లేదు? యాంటిక్ ఫినిష్ అని అడిగి మరీ తెచ్చుకుంటాం. దాన్ని నకిలీ అని ఎవరూ అనరు.

అయితే ఆ నలుపు ఇత్తడిది. దానిలో ఇంకో మనిషి బతుకు లేదు. నాకు రెలిక్‌లతో పేచీ వచ్చేది అక్కడే. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గల్లాగర్ 1961 స్ట్రాటోకాస్టర్‌కు రంగు దాదాపు మిగల్లేదు. ఆయన చెమటకే ఊడిపోయిందంటారు. ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో కొన్న గిటార్లలో మూడింటి ముక్కలు కలిపి బ్లాకీ అనే గిటారును చేసుకున్నాడు. 2004లో దాన్ని క్రిస్టీస్ వేలం సంస్థలో వేలం వేస్తే 9,59,500 డాలర్లు పలికింది. 2006లో ఫెండర్ దానికి సరిగ్గా 275 నకళ్లు చేసింది, సిగరెట్టు కాలిన మచ్చతో సహా. ఆ మచ్చ దగ్గరే నేను ఆగిపోతాను. నెక్ నునుపు నా చేతికి పనికొస్తుంది, పసుపెక్కిన ప్లాస్టిక్ కంటికి బాగుంటుంది. క్లాప్టన్ సిగరెట్టు పెట్టుకున్న చోట కాలిన గుర్తు నాకెందుకు? నేను సిగరెట్టే తాగను.

ఇంకో మాట. వయసు మీద అంత మోజుంటే, నైట్రో పూత ఉన్న మామూలు గిటారు కొని సెలవులకు వరంగల్ తీసుకుపోండి. డిసెంబర్‌లో ఇక్కడి మంచులోంచి బయల్దేరి, విమానం అడుగున చలికి గడ్డకట్టి, శంషాబాద్‌లో దిగీ దిగగానే కేసు తెరిచారా, మర్ఫీ ల్యాబ్ నెర్రెలు పైసా ఖర్చు లేకుండా వస్తాయి. (వద్దనుకునేవాళ్లు కేసు మూసే ఉంచి, కొన్ని గంటలు గదిలో వదిలేయండి.) మే నెలలో అక్కడ 45 డిగ్రీల దాకా పోతుంది. కట్టె ఎండి కుంచించుకుపోతే ఫ్రెట్ల, అంటే నెక్ మీది అడ్డ లోహపు పట్టీల, కొసలు పక్కకు పొడుచుకొస్తాయి, అరచెయ్యి గీరుకుంటుంది. వానలు పడగానే నెక్ వంపు మారి తీగలు లేస్తాయి, నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్‌ను మళ్లీ తిప్పుకోవాలి. ఆ ఉక్కలో గంట వాయిస్తే తీగలు ఆనే బ్రిడ్జి మరలకు మీ చెమటే తుప్పు పట్టిస్తుంది. ఏ కస్టమ్ షాపూ ఇంత శ్రద్ధగా చెయ్యదు.

ఇక అసలు విడ్డూరం. ఎవడో కుర్రాడు 1998లో కొన్న మామూలు స్ట్రాటోకాస్టర్, పాతికేళ్లు నిజంగా వాయించి, అంచులు లేచి, నెక్ అరిగి అమ్మకానికి వస్తే, కొనేవాళ్లు ప్రతి గీతనూ వేలుపెట్టి చూపించి వంద తగ్గించమంటారు. అవే గీతలు కంపెనీలో పనివాడు ఉప్పు కాగితంతో తెస్తే రెండు వేలు ఎక్కువిస్తారు. నా సలహా అడిగే మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ఆ కుర్రాడి గిటారు బేరమాడండి. ముందు ఫ్రెట్లు ఎంత అరిగాయో, నెక్ మెలి తిరిగిందో లేదో చూడండి, వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర వస్తుందేమో వినండి. మిగిలిన డబ్బుతో మంచి యాంప్ కొనుక్కోండి. రెలిక్ కొన్న పెద్దమనుషులు దసరా కార్యక్రమానికి దాన్ని తెచ్చి మా చేతికి కూడా కాసేపు ఇవ్వాలని మనవి.