తాబేలుకు షెడ్యూలు, కుక్కకు వ్యాను

విశాఖ తీరంలో కాపురముంటున్న రెండు జీవుల్లో ఎవరి హోదా ఎంతో తేల్చవలసిన సమయం వచ్చింది. ఒకరు ఆలివ్ రిడ్లే తాబేలు, మరొకరు వీధి కుక్క.

ముందు వంశం సంగతి. ఇద్దరికీ వెన్నెముక ఉంది (ఊళ్లో అందరి గురించీ ఈ మాట అనలేం). ఆ మెట్టు దగ్గరే దారులు చీలాయి: తాబేలు సరీసృపం, కుక్క క్షీరదం. కుక్కను శాస్త్రజ్ఞులు మాంసాహారుల క్రమంలో చేర్చారు గానీ, ఆర్కే బీచ్‌లో అది మురీ మిక్చర్ పొట్లాలు నాకడం చూశాక వర్గీకరణ మీద నా గౌరవం కాస్త సన్నగిల్లింది. దైవిక సిఫారసుల్లో తేడా లేదు. ఒకరికి శ్రీకూర్మంలో గుడి ఉంది, మరొకరు ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా నడిచారు.

ఇక హోదా. తాబేలుకు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ‘వల్నరబుల్’ (అంతరించే ముప్పున్న జాతి) ముద్ర, 1972 వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణనిచ్చే మొదటి షెడ్యూలు ఉన్నాయి. దాన్ని వేటాడిన మనిషికి మూడేళ్లకు తగ్గని జైలు. పెంపుడు జాతి కనుక కుక్కను ఆ ఎర్ర జాబితా లెక్కలోకే తీసుకోదు. అయినా 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం దాన్ని పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే దింపాలి. తాబేలు కూడా పుట్టిన తీరాన్ని వెతుక్కుంటూనే వస్తుంది, కాకపోతే సముద్రమంతా తానే ఈదుకుంటూ. వ్యాను సౌకర్యం కుక్కకే.

మొన్న ఫిబ్రవరిలో తెల్లవారకముందే జోడుగుళ్లపాలెం వైపు నడిచాను. తడి ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ, దాని చివర గుంట. గుంట చుట్టూ గాలి పోయిన బుడగల్లా ముడుచుకున్న తెల్లటి పెంకులు. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి. అవి పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది, తవ్వి తినడానికి అంతసేపు పట్టదు. గుడ్లు ఏరి, పిల్లలయ్యేదాకా కాపాడే హేచరీకి చేర్చే కుర్రాళ్లు ఇంకా రాలేదు.

చల్లటి ఇసుకలో పొట్ట ఆనించి, మూతికి పచ్చసొనతో పడుకుని ఉంది హోదా లేని జీవి. దానికి ఏ సెక్షను వర్తిస్తుందా అని ఆలోచిస్తుంటే, అది లేచి ఒళ్లు దులుపుకుని, నా చొక్కా జేబు వైపు చూస్తూ తోక ఊపింది. రోజూ బిస్కెట్లు ఉండేది ఆ జేబులోనే.