పారేసే ముక్కలో ఒక్క అక్షరం మారినా తలసేమియానే

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ నుంచి వరంగల్ దాకా, తలసేమియా (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వారసత్వ రక్త వ్యాధి) ఉన్న బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించే తల్లిదండ్రులు 'జన్యువు చెడిపోయింది' అన్న మాట వినే ఉంటారు. నిజానికి మన దేశంలో బీటా తలసేమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యే మార్పు, ప్రోటీన్‌ను రాసే భాగంలో లేనే లేదు. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రోటీన్ జన్యువులోని మొదటి ఇంట్రాన్‌లో, ఐదో డీఎన్ఏ అక్షరం 'జి' కాస్తా 'సి' అవుతుంది. ఇంట్రాన్ అంటే ఆర్‌ఎన్‌ఏ నకలు నుంచి కణం కత్తిరించి పారేసే ముక్క. ఎక్కడ కోయాలో చెప్పే గుర్తు ఆ ముక్క మొదట్లోనే ఉంటుంది. గుర్తు బలహీనపడితే కోత పక్కకు పోతుంది, చాలావరకు పనికిరాని నకళ్లే తయారవుతాయి. సరైన బీటా గ్లోబిన్ బహు కొద్దిగా మిగులుతుంది.

మన 300 కోట్ల డీఎన్ఏ అక్షరాల్లో ప్రోటీన్లను రాసేవి 2 శాతం లోపే. మిగతాదాన్ని చాలాకాలం 'జంక్' అన్నారు. 2012లో, మన డీఎన్ఏలో ఏ భాగం ఏం చేస్తుందో వెతికే ఎన్‌కోడ్ ప్రాజెక్టు 80 శాతంలో ఏదో ఒక జీవరసాయన చర్య ఉందని ప్రకటించింది. ఆ లెక్కనూ ఉన్నదున్నట్టు ఒప్పుకోలేం. ఉల్లిగడ్డ డీఎన్ఏ మనదానికి ఐదు రెట్లు, మరి దానికి మనకన్నా ఐదింతల పని ఉందా? ఒక ముక్క నకలు కావడం వేరు, అది పోతే ప్రాణికి నష్టం జరగడం వేరు.

గోండు, కొలాం గూడేల్లో కనిపించే సికిల్ సెల్‌ను (ఎర్ర రక్త కణాలు కొడవలిలా వంగే వారసత్వ వ్యాధి) ఆ దృష్టితో చూడాలి. రోగం తెచ్చే మార్పు ప్రోటీన్ భాగంలోనిదే. తీవ్రతను తగ్గించే మార్పు మాత్రం, పిండ హిమోగ్లోబిన్‌కు (కడుపులోని బిడ్డలో ఉండే రకం) కావాల్సిన గామా గ్లోబిన్ జన్యువుకు 158 అక్షరాల ముందుంది. అక్కడ 'సి' బదులు 'టి' ఉంటే పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి, ఎర్ర కణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. 2023లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన క్యాస్‌గెవీ అనే జన్యు సవరణ చికిత్స కోసేది కూడా, పిండ హిమోగ్లోబిన్‌ను అణచే బీసీఎల్11ఏ జన్యువు ఇంట్రాన్‌లోని స్విచ్‌నే.

కాబట్టి పరీక్షల్లో జాగ్రత్త పడాలి. రక్తంలో హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసేమియా క్యారియర్ (జబ్బు లేకున్నా మార్పును మోసే వ్యక్తి) అంటారు, కానీ ఇనుము లోపం ఉన్న గర్భిణిలో ఆ అంకె తగ్గిపోయి కేసు తప్పిపోవచ్చు. దంపతులిద్దరూ క్యారియర్లైతే, గర్భస్థ పరీక్షకు ముందే ఇద్దరిలో ఉన్న మార్పేదో తేలాలి. ప్రోటీన్ భాగం ఒక్కటే చదివి 'మార్పు లేదు' అని ఇచ్చే రిపోర్టును నమ్మకూడదు, ఇంట్రాన్లు, ప్రమోటర్ (జన్యువును మొదలుపెట్టే ముందు భాగం) చదివారా అని అడగాలి. హెచ్‌బీఏ2 మామూలుగా ఉండి, ఇనుము సరిపడా ఉన్నా ఎర్ర కణాలు చిన్నవిగానే కనిపిస్తుంటే, ఆల్ఫా తలసేమియాతో (ఆల్ఫా గ్లోబిన్ తగ్గే రకం) పాటు బీటా జన్యువుకు దూరంగా ఉండే నియంత్రణ ప్రాంతం తెగిపోయిందేమో కూడా చూడాలి. అది పోతే చెక్కుచెదరని జన్యువు కూడా పనిచేయదు.