ప్రీమియం ఒక్కటే చూసి తీసుకోకండి

క్రూయిజ్‌కి, అంటే ఓడలో విహారయాత్రకి, ఇన్సూరెన్స్ ప్రీమియం తక్కువున్నది తీసుకోమని ఈమధ్య ఒక ఆర్టికల్‌లో రాశారు, దానికి మాత్రం నేను ఒప్పుకోనండీ. మా గుంటూరు నుంచి రిటైరైన పెద్దాళ్ళు చాలామంది సింగపూర్ వెళ్ళి ఓడ ఎక్కుతున్నారు, ఎక్కువమందికి షుగరో బీపీనో ఉంటుంది, అది ఫారంలో చెప్పకపోతే రేపు క్లెయిమ్ ఆపేస్తారు, చెప్పినా చాలా పాలసీల్లో పాత జబ్బులకి ప్రాణం మీదకొస్తేనే డబ్బులిస్తారు, ఆ లైను వెతికి మరీ చదవండి. ఓడలో డాక్టర్ ఉంటాడు కానీ ఫ్రీ కాదు. మా బాబాయికి వాంతులైతే సెలైన్ ఎక్కించి బిల్లు డాలర్లలో రూం అకౌంట్‌లో వేసేశారు, ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా బిల్లు కట్టే క్యాష్‌లెస్ పనిచెయ్యలేదు, ముందు కార్డు గీకి ఇంటికొచ్చాక క్లెయిమ్ పెట్టుకున్నారు, పిన్ని డాక్టర్ రిపోర్టుతో సహా ప్రతి కాగితం దాచబట్టి సరిపోయింది. అన్నిటికన్నా ముందు మెడికల్ ఎవాక్యుయేషన్‌కి, అంటే జబ్బుపడ్డ మనిషిని ఆస్పత్రికి తరలించడానికి, ఎంతవరకు ఇస్తారో చూడండి, నడిసముద్రంలోంచి హెలికాప్టర్‌లో దించాల్సొస్తే లక్షల్లో అవుద్ది. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఫ్లైట్ లేటై కనెక్షన్ పోతే ఓడ మనకోసం ఆగదు, మిస్డ్ కనెక్షన్ కవర్ ఉందా, ఎన్ని గంటలు లేటైతే ఇస్తారో అడగండి, కుదిరితే ఒకరోజు ముందే వెళ్ళిపోండి. పాలసీ మాత్రం ఇండియా దాటకముందే తీసుకోండి, అక్కడికెళ్ళాక చూద్దాంలే అంటే మన కంపెనీలు చాలావరకు ఇవ్వవు.